సదరంలో మానసిక వైకల్యం నమోదు: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

కృష్ణాతీరం:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా వచ్చి ఎనిమిదేళ్లయింది. మందులు సక్రమంగానే వేసుకుంటున్నాడు కానీ ఏ పనిలోనూ నిలవలేకపోతున్నాడు. సచివాలయంలో సదరం (వైకల్య శాతం తేల్చి ధ్రువపత్రం ఇచ్చే పరీక్ష) స్లాట్ బుక్ చేయించాము. 40 శాతం వైకల్యం ఉంటేనే పింఛను వస్తుందంటున్నారు. చూడటానికి మామూలుగానే కనిపించే మనిషికి ఆ శాతం ఎలా నిర్ణయిస్తారో తెలిసినవారు చెప్పగలరు.

పాతఫైలు:
జబ్బు పేరును బట్టి శాతం ఇవ్వరండీ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది, దాన్ని ఐడియాస్ అనే కొలమానంతో లెక్కిస్తారు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికీ ఒక్కొక్కదానికి 0 నుంచి 4 వరకు మార్కులు (ఇబ్బంది ఎక్కువైతే మార్కులూ ఎక్కువ) వేసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్న దానికి మరో 4 వరకు కలుపుతారు. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం మొదలవుతుంది. ఎనిమిదేళ్ల జబ్బుకు 3 పడతాయి కనుక మొదటి చీటీ నుంచి ఉన్న కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి.

ఓరుగల్లు అక్క:
కాగితాలు సరే, అసలు చిక్కు లోపలికి వెళ్లాకే ఉంటుంది. మా వారిని డాక్టరు గారు "స్నానం మీరే చేస్తారా?" అని అడిగితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న మనిషి "నేనే చేస్తానండీ" అన్నారు. అది అబద్ధం కాదు, కానీ నేను నీళ్లు తోడి, తువ్వాలు చేతికిచ్చి, పదిసార్లు చెబితే గాని కదలరన్న సంగతి ఎవరూ అడగలేదు, నన్ను చెప్పనివ్వనూ లేదు. శాతం తక్కువ పడింది. రెండోసారి వెళ్లినప్పుడు నెల రోజుల దినచర్య నోటుపుస్తకంలో రాసి, ఆయనను ఎప్పుడూ చూసే సైకియాట్రిస్టు లేఖతో కలిపి ఇచ్చాను. ఇప్పుడు తెలంగాణలో ఇచ్చే 4,016 రూపాయలు అందుతున్నాయి.

పాతఫైలు:
అక్కగారు చెప్పినదే కీలకం. "చేస్తాడు" అనకుండా "చెబితే చేస్తాడు" అనాలి, మార్కుల తేడా అక్కడే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉంటే, పాత పన్ను పద్ధతిలో ఆధారపడిన తోబుట్టువు కోసం 75,000 మినహాయింపు కూడా ఉంది, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించితే 1,25,000.

నిలకడ:
నాది బైపోలార్, అంటే ఉత్సాహం, దిగులు విపరీతంగా మారుతుండే జబ్బు. నా తరఫున మా అన్నయ్య రాసుకొచ్చిన కాగితాన్ని డాక్టరు గారి ముందే తొలిసారి విన్నాను, చాలా చిన్నతనంగా అనిపించింది. మీరు రాసేది మీ తమ్ముడికి ముందుగా ఇంట్లోనే చదివి వినిపించండి, కాదన్నవి ఉంటే కొట్టివేయండి.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. అక్కగారూ, ఆ నోటుపుస్తకం వాళ్లు తీసుకుని ఉంచుకున్నారా, లేక జిరాక్సు ఇస్తే సరిపోతుందా?

ఓరుగల్లు అక్క:
జిరాక్సు చాలు నాయనా, అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకో.