వరద తగ్గాక కూడా పిల్లలు బడికి రావడం లేదు, ఏం చేయాలి?

ఏటిగట్టు టీచర్
అందరికీ నమస్తే. నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల ఏటి పక్కనే, పల్లంలో ఉంది. ఏటా వానాకాలంలో నీళ్లొస్తాయి, ఒక్కోసారి పది రోజులు, ఒక్కోసారి నెలంతా బడి మూతే. మూతపడినందుకు కాదు నా బాధ. మళ్లీ తెరిచాక ప్రతిసారీ హాజరుపట్టీలో నలుగురైదుగురి పేర్ల పక్కన ఖాళీ అలాగే ఉండిపోతోంది. పోయినేడు నాలుగో తరగతి పాప రాకపోతే ఇంటికి వెళ్లాను. చూరు కింద పుస్తకాలు ఆరబెట్టారు, పేజీలు ఉబ్బి అట్టల్లా అతుక్కుపోయాయి, రాసిందంతా నీలం మరకే. నన్ను చూడగానే పిల్ల తలుపు చాటుకు వెళ్లిపోయింది. "పుస్తకాల్లేకుండా రావడానికి సిగ్గుపడుతోంది మేడం" అంది వాళ్లమ్మ. ఆ తర్వాత తల్లితో పాటు కూలికి వెళ్తోందని తెలిసింది. ఈసారి వానలకు ముందే ఏదో ఒకటి చేయాలనుంది. డబ్బు పెద్దగా లేదు, మీరు చేసి చూసినవి ఉంటే చెప్పండి.

పాత హెడ్మాస్టర్
అమ్మా, నా సర్వీసులో చూసింది చెబుతాను. నీళ్లున్నప్పుడు బడి మానే పిల్లలు తక్కువ, నీళ్లు పోయాక మొదటి వారంలో మానేవాళ్లే ఎక్కువ. ఆ వారం దాటిందంటే పిల్ల పనికి అలవాటు పడిపోతుంది, ఇంట్లోవాళ్లు ఆ కూలి డబ్బుకి అలవాటు పడిపోతారు. అందుకే వానలకు ముందే ఒక నోటుబుక్కు పెట్టండి, వరదొస్తే ఏ కుటుంబం ఎవరింటికి వెళ్తుంది, అక్కడ ఎవరి ఫోను ఉంటుంది, అన్నీ రాసుకోండి. అది మీ ఇంట్లో ఉండాలి, బడి బీరువాలో పెడితే అదీ మునుగుతుంది. పుస్తకాలు సాయంత్రం ఇంటికి పంపకుండా రెండు పొరల ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఎత్తయిన చోట ఉంచండి. తెరిచిన రోజు యూనిఫాం, పుస్తకాలు ఏవని ఎవర్నీ అడగొద్దు. మీరు చెప్పిన పాపకి ఆ ఒక్క ప్రశ్న భయమే అడ్డు పడింది.

క్యాంపు వాలంటీర్
ఇంకో చిక్కుంది. ఊళ్లో గట్టి భవనం బడి ఒక్కటే అయితే అదే పునరావాస కేంద్రం అవుతుంది, జనం వెళ్లిపోయాక కూడా గదులు శుభ్రం చేసేసరికి రోజులు పడుతుంది. జనాన్ని రావద్దనలేం కదా. కానీ ఒక్క గది పిల్లలకని ముందే పంచాయతీతో మాట్లాడుకోవచ్చు, క్యాంపులో రెండో రోజు నుంచే పాటలు, కథలు, ఎక్కాలు మొదలుపెట్టొచ్చు. యునిసెఫ్ వాళ్ల 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' పెట్టెలో ఒక టీచరు నలభై మందికి చెప్పేంత సామాను ఉంటుంది, మూతకి నల్లరంగు వేస్తే అదే బోర్డు. పలకలు, సుద్దముక్కలు, చార్టులు ఒక ట్రంకు పెట్టెలో సర్దితే మీరూ అలాంటిది చేసుకోవచ్చు.

నీటిదారి
పడవ బడి గురించి ఎవరూ అనలేదేం? బంగ్లాదేశ్‌లో ఆర్కిటెక్ట్ మహమ్మద్ రెజ్వాన్ స్థాపించిన సంస్థ 2002 నుంచి నడుపుతోంది. పడవే ఇళ్ల దగ్గరికి వెళ్లి పిల్లల్ని ఎక్కించుకుంటుంది, ఒడ్డున కట్టేసి అందులోనే క్లాసు చెప్తారు, కరెంటు సోలార్‌ది.

పాత హెడ్మాస్టర్
మంచి పనే బాబూ, కానీ అక్కడ నీరు నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఒక్క రాత్రిలో పొంగి ఉరవడిగా పారే ఏటికి అది పనికిరాదు. పారే నీరు పదిహేను సెంటీమీటర్ల లోతే ఉన్నా పెద్దవాళ్ల కాళ్లనే లాగేస్తుంది. అలాంటి చోట పిల్లల్ని నీటి మీదికి తీసుకెళ్లే ఆలోచనే వద్దు, టీచరే గట్టు మీదున్న ఇంటికి వెళ్లి అయిదారుగురిని కూర్చోబెట్టి చెప్పడం మేలు.

ఇద్దరు పిల్లల నాన్న
తల్లిదండ్రుల వైపు నుంచి చెబుతా. బడి తెరిచారని మాకు కబురే రాదు. దారిలో గుంటలెక్కడున్నాయో తెలీదు, పాముల భయం, బురద. పైగా ఇల్లు కడుక్కునే పనిలో మేం ఉంటే చిన్నోణ్ణి చూసుకోవడానికి పెద్దమ్మాయి ఇంట్లోనే ఉండిపోతుంది, మొదట చదువు ఆగేది ఆడపిల్లదే. మా దగ్గర ఒక సార్ పొద్దున్నే వీధి చివర నిలబడి పిల్లల్ని గుంపుగా తీసుకెళ్లారు, చిన్నోళ్లని కూడా క్లాసులో ఓ మూల కూర్చోనిచ్చారు. దాంతో మా అమ్మాయి మూడో రోజుకే వెళ్లింది.

ఏటిగట్టు టీచర్
చిన్న పిల్లల్ని కూడా రానివ్వడం నాకు తట్టనే లేదు అన్నా, చాలా థ్యాంక్స్. హెడ్మాస్టర్ గారూ, నోటుబుక్కు ఈ వారమే మొదలుపెడతాను. ఆ పాప ఇంటికి ఆదివారం వెళ్తున్నాను, ఏడాది పోయింది కదా, పాత క్లాసులోనే కూర్చోబెట్టాలా, తన ఈడు వాళ్లతోనా?

పాత హెడ్మాస్టర్
ఈడు వాళ్లతోనే కూర్చోబెట్టమ్మా. చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే మళ్లీ తలుపు చాటుకే వెళ్తుంది. వెనకబడిన పాఠాలు సాయంత్రం అరగంట విడిగా చెప్పండి.