కొత్త కోర్ ప్లగ్ వేసినా ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ కారుతోంది

నా పాత కారుది నాలుగు సిలిండర్ల పోత ఇనుప ఇంజిన్. బ్లాక్ పక్కన, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తిరిగే దారుల రంధ్రాలను మూసే లోహపు బిళ్లలైన కోర్ ప్లగ్‌లు తుప్పుపట్టి చిల్లులు పడడంతో అన్నీ తీసేసి ఇత్తడి కప్పు రకం ప్లగ్‌లు వేశాను. మిగిలినవి పొడిగానే ఉన్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి పంపే గొట్టాల భాగం) కింద ఉన్న చివరిది మాత్రం లొంగడం లేదు. చెయ్యి దూరని చోటే ఇలా జరగాలి మరి!

ఇంజిన్ చల్లగా ఉంటే చుక్క కూడా పడదు. 15 నిమిషాలు నడిచి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తెరుచుకుని, ఒత్తిడి పెరిగాక ప్లగ్ కింది అంచు చెమ్మగిల్లుతుంది. రేడియేటర్ మూత 7 పీఎస్‌ఐది. రంధ్రాన్ని సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, జిడ్డు లేకుండా తుడిచి, గట్టిపడని సీలెంట్ పూసి, కప్పు లోపల సరిగ్గా పట్టే సాకెట్‌తో తిన్నగా దిగగొట్టాను. దాన్ని తీసి మరో కొత్త ప్లగ్ వేసినా అదే తీరు. ప్లగ్ కొలత సరిగానే ఉంది. రంధ్రం కింది వైపు గోరుకు తగిలేంత తుప్పు గుంటలున్నాయి. బోల్టు బిగిస్తే ఉబ్బే రబ్బరు ప్లగ్ దారిలో ఆగిపోయినప్పటి ఉపాయమే తప్ప శాశ్వతం కాదని నా అభిప్రాయం.

ఇంజిన్ దించకుండా, ఆ గుంటలను లోహపు ఎపాక్సీతో (లోహపు పొడి కలిపిన, గట్టిపడే జిగురుతో) పూడ్చి, నునుపు చేసి, అదే కొలత ప్లగ్ వేస్తే వేడికీ ఒత్తిడికీ నిలుస్తుందా?