అప్‌డేట్: గ్రాఫీన్ సెన్సర్ రీడింగు జారిపోవడానికి కారణం దొరికింది

వేలి వంపును కొలవడానికి పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ టేపుపై కార్బన్ డయాక్సైడ్ లేజరుతో గీసి చేసుకున్న గ్రాఫీన్ (అతి పలుచని కార్బన్ పొరల పదార్థం) పట్టీ, వేలు కదలకపోయినా దాని విద్యుత్ నిరోధం ఎందుకు మారుతోందని లోగడ అడిగాను. చెమటే కారణమని ఎక్కువమంది అన్నారు. అది సగమే నిజమైంది.

2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం వెలువరించిన ఈ పద్ధతిలో ఏర్పడే గ్రాఫీన్ స్పంజిలా రంధ్రాలమయం, చెమట లోపలికి దిగుతుంది కనుక, పట్టీని 10 పాళ్లకు 1 పాలు గట్టిపరచే ద్రవం కలిపిన పీడీఎంఎస్ సిలికోన్‌తో కప్పాక చెమట ప్రభావం చాలావరకు తగ్గింది. అయినా వేలు వంచి చాచిన ప్రతిసారీ రీడింగు మొదటి చోటికి రాలేదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్పు గ్రాఫీన్‌లో కాదు, నా అతుకులో ఉంది: గట్టి రాగి తీగ మెత్తని పట్టీని కలిసే చోట, రెంటినీ అతికే వెండి పేస్టు బీటలు వారింది. అతుకును వంపు పడని ఎముక మీదికి జరిపి, తీగను మెలికలుగా వదిలాక సున్నా స్థానం నిలకడగా ఉంటోంది.

హిస్టెరిసిస్ మాత్రం మిగిలింది: అంటే వంచేటప్పుడూ చాచేటప్పుడూ ఒకే కోణానికి రెండు విలువలు వస్తున్నాయి. అందుకే ప్రస్తుతానికి రీడింగును కోణంగా మార్చే రెండు కాలిబ్రేషన్ పట్టికలతో నెట్టుకొస్తున్నాను.