అప్‌డేట్: మిల్లు షాఫ్ట్ వంపు తగ్గింది

పోయిన నెల అడిగాను కదా, బొబ్బిలి దగ్గర మా రైస్ మిల్లులో 40 మి.మీ. షాఫ్ట్ బెల్టు లాగుడుకి మధ్యలో వంగి బేరింగులు వేడెక్కుతున్నాయి, మైల్డ్ స్టీల్ (మామూలు మెత్తటి ఉక్కు) తీసేసి ఈఎన్24 (బలమైన మిశ్రమ ఉక్కు) వేస్తే సరిపోతుందా అని. వద్దన్నవాళ్లే కరెక్ట్. ఈఎన్24కి బలం ఎక్కువే, కానీ ఏ ఉక్కుకైనా స్థితిస్థాపక గుణకం (వంగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత) సుమారు 200 గిగాపాస్కల్స్ కాబట్టి వంపు దాదాపు అంతే ఉంటుంది. అందుకే మైల్డ్ స్టీల్‌లోనే 50 మి.మీ. వేయించాను. వ్యాసం పెరిగితే వంపు నాలుగో ఘాతం లెక్కన తగ్గుతుంది, అంటే 40/50ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 0.41, పాతదాంట్లో 41 శాతానికి రావాలి. డయల్ గేజ్ పెట్టి చూస్తే 1 మి.మీ. ఉన్నది దాదాపు 0.4కి దిగింది, ఎంత సంతోషమేసిందో! చివరలు మాత్రం పాత బేరింగులకే సరిపోయేలా 40కి తగ్గించాం. ఆ మెట్టు దగ్గర మూల పదునుగా వదిలితే పగులు అక్కడే మొదలవుతుంది, లేత్ దగ్గర నిలబడి మరీ గుండ్రంగా తిప్పించుకోండి. చెప్పిన అన్నలందరికీ థ్యాంక్స్.