చిన్న ఎస్‌యూవీకి టాప్ క్యారియర్, వెనక ట్రైలర్ హుక్కు: చేయించొచ్చా, తప్పా?

వశిష్ఠ గట్టు:
అందరికీ నమస్కారం అండి. నేనుండేది భీమవరం. కొబ్బరితోట, ఎకరంన్నర చేపల చెరువు రాజోలు దగ్గర. వారానికి రెండుసార్లు చించినాడ వంతెన దాటి వెళ్ళొస్తుంటాను. బండి నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ ఎస్‌యూవీ, కొని రెండేళ్ళయింది, పైన కంపెనీ ఇచ్చిన రెయిల్స్ ఉన్నాయి. ఇప్పుడు దానిమీద టాప్ క్యారియర్, వెనక ఒక హుక్కు బిగించి చిన్న రెండు చక్రాల ట్రైలర్ తగిలిద్దామని ఉంది. మోయాల్సినవి ఏమిటంటే మేత బస్తాలు, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ తాలూకు పాడైన మోటారు, పీవీసీ పైపులు, కడియం నుంచి ఎప్పుడైనా మొక్కలు, దింపు అయ్యాక ఇంటికి ఓ వంద కాయలు. ప్రతిసారీ ట్రాలీ ఆటో అబ్బాయికి ఫోన్ చేసి, వాడు "వచ్చేస్తున్నా అండి" అన్నాక రెండు గంటలు కాసుకుని కూర్చోవడం విసుగొచ్చేసింది. వెల్డింగ్ షాపతను ఇనప యాంగిల్ వేసి సాయంత్రానికల్లా బండి ఇచ్చేస్తానంటున్నాడు. మా ఆవిడేమో "కారు కొన్నారా, ఎడ్లబండి కొన్నారా" అంటోంది. ఎవరైనా చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

ట్రాక్టర్ బాబాయ్:
నిక్షేపంగా చేయించవయ్యా. మా నాన్నగారి జీపుకి వెనక కొక్కెం ఉండేది, దానికి ట్రైలర్ తగిలించి దాళ్వా, అదే రెండో పంట అయ్యేసరికి కాలవ గట్టు మీద ధాన్యం బస్తాలు లాక్కొచ్చేవారు. ఆ ఇంజిన్ బలం నీ బండి ఇంజిన్‌లో సగం కూడా ఉండేది కాదేమో. బండి ఉన్నది పనికి గానీ, ఆదివారం కడిగి నీడలో పెట్టుకోడానికా? ఈ రోజుల్లో కారు మీద గీత పడితే అన్నం మానేసేవాళ్ళు ఎక్కువైపోయారు.

బోల్టు నట్టు:
బాబాయ్ గారూ, మీరు చెప్పిన జీపుకి కింద ఛాసిస్ ఉండేది. రెండు బలమైన ఇనప దూలాలు, వాటిమీద బాడీ. కొక్కెం బిగించింది ఆ దూలాలకి. ఈ చిన్న ఎస్‌యూవీలకి చూడ్డానికి జీపు మొహం ఉంటుందే గానీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ. నేను షెడ్డులో 14 ఏళ్ళుగా చూస్తున్నాను. వెల్డింగ్ షాపువాళ్ళు హుక్కు తెచ్చి అతికించేది ఎక్కడనుకున్నారు? స్టెప్నీ టైరు కూర్చునే గుంట దగ్గరి రేకుకి. లేదంటే బంపర్ లోపలి అడ్డపట్టీకి. ఆ రేకు టైరు బరువు మోయడానికి చేసింది, టన్నులో సగం బరువు ముందుకీ వెనక్కీ గుంజుతుంటే ఓర్చుకోవడానికి కాదు. మొదట పెయింటు పగులుతుంది, తర్వాత అక్కడ తుప్పు, ఆ తర్వాత డిక్కీ తలుపు సరిగ్గా పడదు. అలా వచ్చిన బండి ఒకటి నేనే చూశాను.

ఇంకో మాట. బంపర్‌లో చిన్న మూత తీసి మరతో బిగించే కొక్కెం ఒకటి టూల్ కిట్‌లో ఉంటుంది కదా, దాన్ని చూపించి "కంపెనీయే హుక్కు ఇచ్చింది" అని కొందరు వాదిస్తారు. అది బురదలో దిగబడితే తాడు కట్టి లాగడానికి. ట్రైలర్‌కి కాదు.

డల్లాస్ టు డిండి:
నేను అమెరికాలో ఉంటాను, మా ఊరు డిండి. ఇక్కడ మా హోండా సీఆర్-వీకి కంపెనీయే 1,500 పౌండ్ల దాకా లాగొచ్చని మాన్యువల్లో రాసింది. అంటే దాదాపు 680 కిలోలు. దానికీ ఛాసిస్ లేదు, అదీ బాడీయే. ప్రతి శనివారం ఎవడో ఒకడు చిన్న ట్రైలర్ తగిలించుకుని చెట్ల కొమ్మలు, పాత సోఫాలు లాక్కెళ్తూనే ఉంటాడు. ఛాసిస్ లేకపోతే లాగకూడదన్నది పూర్తిగా నిజం కాదు. మన దగ్గర ఎవరూ చేయకపోతే తప్పు అనేసుకోవడం ఒక అలవాటు.

బోల్టు నట్టు:
మీరు చెప్పిందే నా పాయింటు అండి. "మాన్యువల్లో రాసింది" అన్నారు చూడండి, అక్కడుంది కథంతా. మీ కంపెనీ ఆ బండిలో బోల్టులు ఎక్కడ పడాలో ముందే లెక్కేసుకుంది, లాగే బరువుకి తగ్గట్టు బ్రేకులు, కూలింగ్ పరీక్షించింది. పైగా ఆ బండి పొడవు నాలుగున్నర మీటర్ల పైమాట. వశిష్ఠ గారి బండి మాన్యువల్లో ట్రైలర్ గురించి ఏముందో ముందు ఆయన్ని చూడమనండి.

వశిష్ఠ గట్టు:
చూశానండి. ట్రైలర్ లాగడం గురించి బరువు ఏమీ ఇవ్వలేదు. పైన రెయిల్స్‌కి మాత్రం క్యారియర్‌తో కలిపి 50 కిలోలు అని ఉంది.

యానాం గాలి:
ఆ "క్యారియర్‌తో కలిపి" అన్న మాట దగ్గర చాలామంది బోల్తా పడతారు. క్యారియర్ ఇనుముదైతే అదే 15 కిలోలు తింటుంది. మిగిలింది 35. అంటే 25 కిలోల మేత బస్తా ఒకటి, మీద ఓ రెండు మొక్కలు. అంతే. వంద కాయలు పైకెక్కిద్దామనుకున్నారేమో, పీచుతో ఉన్న కాయ కిలో దాటుతుంది, మీరే లెక్కేసుకోండి. 50 కిలోలన్నది తక్కువేం కాదు, రెనో కైగర్‌కి, ట్రైబర్‌కి కూడా కంపెనీ చెప్పింది అంతే. కొన్ని బండ్లకైతే ఆ రెయిల్స్ అలంకారమే, బరువే వేయకూడదు.

నేను నా బండి మీద క్యారియర్ వేసి మూడేళ్ళయింది, తీసేయను. నిచ్చెన, చాపలు, పిల్లల సైకిలు, తాటాకులు, ఇలాంటి తేలికైనవాటికి బంగారం. కానీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా 70 దాటితే ఈల వేస్తుంది, మైలేజీ లీటరుకి ఒకటో ఒకటిన్నరో పడిపోయింది. ఏటి మీద వంతెన ఎక్కగానే పక్కగాలి తగిలితే బండి ఓ మూర పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. పైన బరువు ఉంటే ఇంకా తెలుస్తుంది. ఎత్తు పెరిగింది కదా, వంపుల్లో బండి పక్కకి ఒరుగుతుంది.

పైపుల సంగతి మర్చిపోండి. పీవీసీ పైపు 6 మీటర్లు, మీ బండి 4 మీటర్లు. ముందు మీటరు, వెనక మీటరు బయటికి. ఓసారి నాలుగు పైపులు కట్టుకుని వస్తుంటే అమలాపురం దాటాక ముందు కట్టు వదులైంది, పైపు కొన బానెట్ మీద డప్పు కొట్టడం మొదలెట్టింది. వెనక మోటార్ సైకిల్ మీద ఇద్దరు వస్తున్నారు. కట్టు పూర్తిగా తెగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే టెన్షనే. తప్పు నాదే, నైలాన్ తాడుతో కట్టాను, రాట్చెట్ బెల్టు వాడాల్సింది. ఆ రోజు నుంచి పైపులు ట్రాలీ ఆటోలోనే.

ట్రాక్టర్ బాబాయ్:
అందుకేనయ్యా ట్రైలర్ అంటున్నాను. పైన వేస్తే తప్పు, లాగితే తప్పు, మరి కారు దేనికి? ట్రైలర్ అయితే బరువు దాని చక్రాలే మోస్తాయి, కారు లాగితే చాలు.

బోల్టు నట్టు:
మొత్తం బరువు దాని చక్రాలే మోస్తే ట్రైలర్ రోడ్డు మీద తోక ఊపుకుంటూ పోతుంది బాబాయ్ గారూ. బరువు ఇరుసుకి కాస్త ముందుండాలి, ట్రైలర్ బరువులో పదో వంతు దాకా హుక్కు మీద పడాలి. వెనక ఎక్కువైతే స్పీడులో అది అటూ ఇటూ ఊగి కారునే తిప్పేస్తుంది. ఇప్పుడు వశిష్ఠ గారి లెక్క. 15 బస్తాలు 375 కిలోలు, ట్రైలర్ సొంత బరువు ఓ 150 అనుకోండి, కలిపి 525. హుక్కు మీద 50 కిలోలు. ఆ హుక్కు వెనక చక్రాల ఇరుసుకి దాదాపు మీటరు వెనక ఉంటుంది, ముందు వెనక చక్రాల మధ్య రెండున్నర మీటర్లు. కాటా లెక్కలాగే, వెనక ఇరుసు మీద పడేది 50 కాదు, 70. ముందు ఇరుసు మీద 20 తేలుతుంది. చిన్న ఎస్‌యూవీలు చాలావరకు ముందు చక్రాలతో లాగేవి. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) దిగి తడి బురద ఏటవాలు ఎక్కేటప్పుడు ఆ ముందు చక్రాలు తేలిగ్గా ఉంటే ఏమవుతుంది? తిరుగుతాయి, బండి కదలదు. హాఫ్ క్లచ్‌లో తొక్కి తొక్కి క్లచ్ ప్లేటు కాల్చుకుంటారు. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అయితే వేడెక్కానని వార్నింగ్ లైటు పెట్టి కూర్చుంటుంది. వెనక వంద బండ్లు హారన్లు.

బ్రేకు సంగతి చెప్పనే లేదు. ట్రైలర్‌కి సొంత బ్రేకు లేకపోతే ఆ 525 కిలోలూ మిమ్మల్ని వెనకనుంచి తోస్తాయి. మన గట్టు రోడ్ల మీద గేదె అడ్డమొస్తే...

నల్లకోటు:
ఇనుము సంగతి మీరు తేల్చుకోండి, కాగితం సంగతి నేను చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2017 డిసెంబరులోనే బంపర్ ముందు బిగించే ఇనప బుల్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది. బాడీకి వెల్డింగ్ చేసిన హుక్కుని అధికారి ఏ కంటితో చూస్తాడో ఊహించుకోవచ్చు. తీసి పెట్టుకునే క్యారియర్ విషయంలో మాత్రం తనిఖీలో ఒకరు వదిలేస్తారు, ఒకరు ఆపుతారు. పని లేనప్పుడు తీసి ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

ట్రైలర్ కాగితాల గురించి ఎవరూ అడగలేదు. చట్టంలో "మోటారు వాహనం" అన్న నిర్వచనంలోనే ట్రైలర్ ఉంది. ఇంజిన్ లేదు కదా అనుకోకండి. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. వెల్డింగ్ షాపులో తయారైన తొట్టికి ఏ నంబరు వస్తుంది? పొరపాటున యాక్సిడెంట్ అయితే కారు ఇన్సూరెన్స్ వాళ్ళకి వంక మీరే వెతికి చేతికిచ్చినట్టు.

డల్లాస్ టు డిండి:
సరే, ఓడిపోయాను. కానీ ఒక బాధ చెబుతాను. చట్టం వద్దంటే వద్దు, సరైన హుక్కుని కంపెనీలే అమ్మొచ్చు కదా. రొయ్యల చెరువులు, తోటలు, నర్సరీలు ఇంత ఉన్న చోట, సొంత కారున్న చిన్న రైతుకి చిన్న ట్రైలర్ అంత ఉపయోగం ఇంకోటి లేదు. అడిగేవాళ్ళు లేక కంపెనీలు ఇవ్వవు, ఇవ్వరని ఎవరూ అడగరు.

యానాం గాలి:
అది మాత్రం నిజం.

ట్రాక్టర్ బాబాయ్:
నల్లకోటు గారికి జవాబు లేదు, ఒప్పుకుంటాను. బోల్టు నట్టుకి మాత్రం ఒప్పుకోను, లెక్కలు చెప్పి భయపెడుతున్నాడు. అయితే నేనూ ఒకటి చెప్పాలి, నా అనుభవం కాబట్టి. వశిష్ఠా, నువ్వెప్పుడైనా ట్రైలర్ రివర్స్ చేశావా? తోక ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. ట్రాక్టర్ తొట్టి పొడుగు కాబట్టి నిదానంగా తిరుగుతుంది, సర్దుకోడానికి టైముంటుంది. నువ్వు చెప్పే చిన్న ట్రైలర్ పొట్టిది, రెప్పపాటులో మడతపడి నీ బంపర్‌ని నమిలేస్తుంది. మీ చెరువు గట్టు వెడల్పెంత?

వశిష్ఠ గట్టు:
కారు వెళ్తే పక్కన మనిషి నడవాలంటే కష్టం బాబాయ్. ఒకవైపు చెరువు, ఒకవైపు బోదె కాలవ.

ట్రాక్టర్ బాబాయ్:
అయితే వద్దులే. వానాకాలం నల్లమట్టి గట్టు మీద ట్రైలర్ వెనక్కి తోస్తూ నువ్వు నేర్చుకునే లోపల చేపలు నిన్ను చూసి నవ్వుతాయి.

వశిష్ఠ గట్టు:
రాత్రి కూర్చుని ఖర్చు లెక్కేశాను. ట్రాలీ ఆటో అబ్బాయి రాజోలు నుంచి భీమవరానికి 1,200 తీసుకుంటాడు. నిజంగా కారులో పట్టని సరుకు నెలకి రెండుసార్లే ఉంటోంది, మిగతాదంతా వెనక సీటు మడిస్తే పట్టేస్తుందని ఇన్నాళ్ళూ ప్రయత్నించనే లేదు. వెల్డింగ్ షాపతను హుక్కు, ట్రైలర్ కలిపి చెప్పిన రేటుకి రెండేళ్ళ పైన ఆటో కిరాయి వచ్చేస్తుంది. హుక్కు మానేశాను. రెయిల్స్‌కి బిగించే అల్యూమినియం అడ్డకడ్డీలు మాత్రం తీసుకుంటున్నాను, ఐదు కిలోల లోపే ఉన్నాయి. యానాం గాలి గారూ, మన ఉప్పుగాలికి బోల్టులు ఎలా ఉన్నాయి మీవి?

యానాం గాలి:
మామూలు ఇనప బోల్టులు ఏడాదికే ఎర్రబడ్డాయి, అల్యూమినియం తగిలే చోట తెల్లగా పొడి రేగింది. స్టీలువి మార్చాను, మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు వేశాను. రెండు నెలలకోసారి విప్పి గ్రీజు రాయండి. బిగించిన మొదటి వారం రోజూ స్పానర్ పెట్టి చూడండి, వదులవుతాయి.

బోల్టు నట్టు:
ఏరేటర్ మోటారు పైన పెట్టకండి. డిక్కీలో గోనెసంచి పరిచి దానిమీద పెట్టండి, సీటు వెనక ఆనించి.

వశిష్ఠ గట్టు:
అలాగేనండి. మా ఆవిడకి మాత్రం గోనెసంచి సంగతి ఇంకా చెప్పలేదు.