వెంగెన్‌లో డౌన్‌హిల్ స్కీ పందెం: అక్కడికి వెళ్లి చూడాలా, టీవీ చాలా?

మంచుకొత్త: జ్యూరిచ్‌లో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. జనవరిలో ఇక్కడి కొండ ఊరు వెంగెన్‌లో జరిగే లౌబర్‌హార్న్ స్కీ పందేనికి నాన్నగారిని తీసుకువెళ్లాలని ఉంది. ఆయనకు 64 ఏళ్లు, మంచు చూడడం ఇదే మొదలు. మా ఇద్దరికీ స్కీయింగ్ రాదు. వెళ్లడం దండగంటారా?

బెర్న్‌వాసి: వెళ్లండి. టీవీలో ఆ వాలు సగానికి సగం చదునైపోతుంది. నేను దారి పైభాగంలో హుండ్‌షోప్ఫ్ అనే దూకుడు చోటు దగ్గర నిలబడి చూశాను. బండల మధ్య ఇరుకు సందులోంచి మనిషి ఒక్కసారిగా గాలిలోకి లేస్తాడు. పైనుంచి వచ్చేటప్పుడు దిగబోయే చోటు అతనికి కనిపించదు! దారి పొడవు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. స్కీ ప్రపంచకప్‌లో ఇంతకు మించి పొడవైన డౌన్‌హిల్ లేదు. రెండున్నర నిమిషాలు వంగి ఉండాలి కాబట్టి చివరి మలుపులకు వచ్చేసరికి తొడలు వణుకుతుంటాయి. నన్నడిగితే అసలు పందెం అక్కడే. 2013లో ఫ్రాన్స్ స్కీయర్ జోహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నది మాత్రం ఆ మలుపులకు ఇంకా పైన, హానెగ్ అనే వాలు దగ్గర.

గంటలమోత: బెర్న్‌వాసి గారూ, 64 ఏళ్ల పెద్దాయనను హుండ్‌షోప్ఫ్‌కు నడిపిస్తారా? నేను దానికి దగ్గరి వెంగర్నాల్ప్ రైల్వే స్టేషన్‌లో దిగి, పట్టుమని పది అడుగులు వేయకముందే జారిపడ్డాను. బూట్లకు తొడిగే మేకుల పట్టీలు తప్పనిసరి. పెద్దవారితో అయితే కింద ముగింపు దగ్గరే ఉండండి, పెద్ద తెర ఉంటుంది. వెంగెన్‌కు కార్లు రావు. కింద లోయలో ఉన్న లౌటర్‌బ్రునెన్‌లో కారు వదిలి పళ్లచక్రాల రైలెక్కాలి. పందెం రోజు తెల్లవారకముందే బయలుదేరండి. స్కీయర్లు ఒకచోట ఈ రైలు పట్టాల కిందనుంచే దూసుకుపోతారు, అది కూడా చూపించండి.

లోయప్రేమి: లోయకు అవతలి గట్టున ఉన్న మ్యూరెన్ ఊరిని ఎవరూ తలవలేదే! 1928లో మొదలైన ఇన్ఫెర్నో స్కీ పందెం అక్కడే. దిగేది మనలాంటి మామూలు మనుషులే, దాదాపు 1,850 మంది. 12 సెకన్లకొకరు చొప్పున వదులుతారు. అదీ జనవరిలోనే. వేగం తక్కువే కానీ సందడి ఎక్కువ.

బెర్న్‌వాసి: గంటలమోత గారి మాట నిజమే. నాకు అప్పుడు 29 ఏళ్లు, ఆ సంగతి మరిచాను.

మంచుకొత్త: అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. “రెండున్నర నిమిషాల కోసం రోజంతా ప్రయాణమా?” అన్నారు. రాత్రి మళ్లీ ఆయనే ఫోన్ చేసి, చెవులు కప్పే టోపీ విజయవాడలో కొనాలా, అక్కడే దొరుకుతుందా అని అడిగారు.