సాంచిన్‌లో ఒంటి మీద చరవడం ఫూజౌ నుంచి వచ్చిందా, నాహాలో మొదలైందా?

బ్రౌన్‌బెల్ట్ నాన్న: మా వాడు గోజూ ర్యూ అనే కరాటే శైలి నేర్చుకుంటున్నాడు. సాంచిన్ అనే కటా (ఒంటరిగా చేసే కదలికల వరుస) చేస్తుంటే మాస్టారు వెనక నిలబడి భుజాలు, తొడలు గట్టిగా చరుస్తారు. దాన్ని షిమే అంటారట. హిగావొన్నా కన్‌ర్యో అనే పాతకాలం గురువు చైనాలోని ఫూజౌలో నేర్చుకుని తెచ్చిన పద్ధతి యథాతథంగా ఇదేనని ఆయన మాట. నిజమేనా?

పాతదోజో: నిజమే. హిగావొన్నా (1853-1915) ఇప్పటి జపాన్‌లోని ఒకినావా దీవిలో నాహావారు. ఫూజౌలో ర్యూ ర్యూ కో అనే గురువు దగ్గర నేర్చుకొచ్చారు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ (1888-1953) దానికి గోజూ ర్యూ అని పేరు పెట్టారు. అప్పట్లో ఏళ్ళ తరబడి సాంచిన్ చేయించాకే ఇంకో కటా చూపించేవారు. షిమే ఎందుకో చెప్తాను. పాదాలు కొద్దిగా లోపలికి తిప్పి, పిరుదులు బిగించి, మోచేతులు పక్కటెముకల దగ్గరికి లాగి నిలబడతాం. ఊపిరి వదిలేటప్పుడు మనకి తెలియకుండానే భుజాలు పైకి లేస్తాయి. రెండు భుజాల మీదా ఒకేసారి చెయ్యి పడితే అవి లేచాయో లేదో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా అది తెలియదు.

గోదారోడు: ఫూజౌ ఏంటండీ, అంతకుముందే కంచి పల్లవ రాకుమారుడు బోధిధర్ముడు చైనా వెళ్ళి షావోలిన్ మఠంలో నేర్పాడు. మూలం మనదే.

తెరిచిన చెయ్యి: గోదారోడు గారూ, ఆ కథకి ఆధారంగా చూపించే యీజిన్ జింగ్ అనే వ్యాయామ గ్రంథం 17వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చింది. బోధిధర్ముడి కాలం 5-6 శతాబ్దాలు. మధ్యలో వెయ్యేళ్ళు పైనే ఉంది.

ఇక పాతదోజో గారికి. హిగావొన్నా సాంచిన్ చేయించింది చేతులు తెరిచి. పిడికిలి మూయించింది మియాగి. 1897లో ఫూజౌ వెళ్ళిన ఉయేచి కన్‌బున్ అనే ఇంకో ఒకినావా గురువు పరంపరలో ఇప్పటికీ తెరిచిన చెయ్యే. మరి యథాతథం అని ఎలా అంటారు? ఆ ర్యూ ర్యూ కో ఎవరన్నదీ తేలలేదు. కొందరు షియే జోంగ్‌షియాంగ్ అంటారు. ఆయన పుట్టింది 1852లో, అంటే హిగావొన్నా కంటే ఒక్క ఏడాది పెద్ద. మియాగి 1934లో రాసిన వ్యాసంలో తమ పద్ధతి 1828లో ఫూజౌ ఉన్న ఫూజియన్ రాష్ట్రం నుంచి వచ్చిందని ఉంది. అప్పటికి హిగావొన్నా పుట్టనేలేదు.

పాతదోజో: పిడికిలి మూసినంత మాత్రాన సాంచిన్ మారిపోతుందా? నిలబడే తీరు అదే, ఊపిరి అదే, బిగింపు అదే. మియాగి ఇష్టమొచ్చినట్టు మార్చినవారు కాదు. 1915లో తనే ఫూజౌ వెళ్ళి వెతికి వచ్చారు. తెరిచిన చేతి పని కోసం తెన్షో కటా విడిగా కూర్చారు.

తెరిచిన చెయ్యి: అంటే మార్చారని మీరూ ఒప్పుకుంటున్నారు. 1940లో కొత్తవాళ్ళకి తేలిగ్గా ఉండాలని గెకిసాయి కటాలు తయారుచేసింది కూడా ఆయనే. ఆయన మార్చగా లేనిది, మీ మాస్టర్లు షిమేని ఎందుకు మార్చకూడదు?

విశాఖ అమ్మ: మా పాప తొడ మీద అయిదు వేళ్ళూ తేలాయి. మాన్పించేశాం.

పాతదోజో: అమ్మా, అది షిమే కాదు, చేతకాని మాస్టరు పని. పిల్లలకి ఊరికే చెయ్యి ఆనించి చూస్తే చాలు.

తెరిచిన చెయ్యి గారూ, ఒక్కటే అడుగుతాను. మీరు సాంచిన్ ఎన్నాళ్ళు చేశారు? చీ ఇషి అనే రాతి బరువు ఎత్తారా? నిగిరి గామె అనే కుండల మూతులు వేళ్ళతో పట్టుకుని దోజో (సాధన గది) అంతా నడిచారా? పుట్టిన సంవత్సరాలు ఎవరైనా చెప్తారు.

గోదారోడు: పర్సనల్‌గా వెళ్ళకండి అన్నా.

తెరిచిన చెయ్యి: నడిచాను. కుండల్లో ఇసక పోసి మరీ నడిచాను. అడిగారు కాబట్టి చెప్తున్నాను. పదహారేళ్ళప్పుడు బెల్ట్ గ్రేడింగ్‌లో సాంచిన్ చేస్తుంటే, భుజం మీద పడాల్సిన మా మాస్టరు చెయ్యి నా ఎడమ చెవి మీద పడింది. కర్ణభేరికి చిల్లు పడింది. నెత్తురు కారుతుంటే కటా పూర్తిచెయ్యమన్నాడు. మర్నాడు మా నాన్న వెళ్ళి అడిగితే, "ఇది ఫూజౌ నుంచి ఇలాగే వస్తోంది, మీకు అర్థం కాదు" అన్నాడు. నాన్న ఇంకేం మాట్లాడలేక వచ్చేశారు. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఫూజౌ నుంచి ఏమొచ్చిందో, ఏం రాలేదో నేను ఎందుకు చదివానో ఇప్పటికైనా తెలిసిందా?

పాతదోజో: మీకు జరిగింది ఘోరం. ఆ మనిషి నేర్పడానికే పనికిరాడు. కానీ మీ గొడవ అతనితో. సాంచిన్ ఏం చేసింది?

తెరిచిన చెయ్యి: నా గొడవ అతనొక్కడితో కాదు. మా నాన్న నోరు మూయించిన ఆ జవాబుతో. ఈ చర్చ మొదట్లో మీరు ఇచ్చిందీ అదే జవాబు.

పాతదోజో: పిల్లాడు ప్రతి అడుగుకీ ఎందుకు అని అడుగుతుంటే, మాస్టరు చెప్తూ కూర్చుంటే, ఒంటికి ఎప్పుడు పడుతుంది? మా మాస్టారు ఒక్కసారీ కారణం చెప్పలేదు. చెయ్యగా చెయ్యగా ఒంటికే తెలిసింది. ముందే చెప్పి ఉంటే నేను విని తలూపి మర్చిపోయేవాణ్ణి. గురువుని నమ్మకుండా సాంచిన్ రాదు, ఇది నేను ఎక్కడైనా చెప్తాను.

తెరిచిన చెయ్యి: నమ్మమనండి. కానీ నొప్పి అంటే ఆపాలి, ఎందుకు అంటే చెప్పాలి. ఈ రెండూ లేనిచోట నమ్మకం కాదు, భయం ఉంటుంది.

విశాఖ అమ్మ: అదీ.

బ్రౌన్‌బెల్ట్ నాన్న: నేను అడిగింది ఒకటి, తెలిసింది ఇంకొకటి. ఎక్కడి నుంచి వచ్చిందన్నది అలా ఉంచి, మా వాడు నొప్పి అంటే ఆపుతారా అని ఆదివారం క్లాసులో మాస్టారిని అడుగుతాను.

పాతదోజో: తప్పకుండా అడగండి. కాకపోతే క్లాసు అయ్యాక, పక్కకి పిలిచి. వాడి ముందు వద్దు.

తెరిచిన చెయ్యి: వాడి ముందే అడగండి.